గెలిచినవారు తిరిగొచ్చి నేర్పాలి

"ఆడపిల్లకు జూడో ఎందుకండీ?" అనే మాట మన ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. మగపిల్లవాడైతే "ఆటలాడితే కడుపు నిండుతుందా?" అంటారు. ఈ రెండూ కాక మేము అడగదలచిన ప్రశ్న ఇంకొకటుంది. ఆడి గెలిచినవారు తిరిగొచ్చి నేర్పకపోతే మన పిల్లలకు ఆట ఎవరు చెబుతారు?

హైదరాబాద్ వాస్తవ్యులు సయ్యద్ మహమ్మద్ ఆరిఫ్ సాహెబ్‌ను చూడండి. ఆయన స్వయంగా బ్యాడ్మింటన్ ఆడినవారే. కానీ పేరొచ్చింది ఆడించినందుకు. పుల్లెల గోపీచంద్, సైనా నెహ్వాల్, గుత్తా జ్వాల ఆయన వద్ద నేర్చుకున్నవారే. 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ ఆయనను వరించాయి. ఉస్తాద్ అన్న మాట మనకు కొత్త కాదు గదా! అయితే ఈ ఉస్తాద్ గురించి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఆయన షాగిర్ద్ గోపీచంద్ కథ మరీ విశేషం. మోకాలి గాయంతో ఆట ముగిసిందనుకున్న మనిషి 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఛాంపియన్ అయ్యాడు. 1980లో ప్రకాష్ పదుకొనే తరువాత ఆ ఘనత సాధించిన భారతీయుడు ఆయనే. కూల్‌డ్రింకు ప్రకటనకు డబ్బిస్తామంటే వద్దన్నాడు. తరువాత హాయిగా కూర్చోలేదు. గచ్చిబౌలిలో ప్రభుత్వమిచ్చిన స్థలంలో అకాడమీ కట్టడానికి సొమ్ము చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు. (వడ్డీ అప్పు మనకు సమ్మతం కాదు, అది వేరే సంగతి. ఆ తెగువను చూడమంటున్నాం.) 2008లో అకాడమీ తెరుచుకుంది. 2012లో సైనాకు ఒలింపిక్ కాంస్యం, 2016లో సింధుకు రజతం ఆయన శిక్షణలోనే వచ్చాయి.

ఇక జూడో. 1882లో జపాన్‌లో దీన్ని మొదలుపెట్టిన కానో జిగోరో వృత్తిరీత్యా అధ్యాపకుడు. ఇందులో తొలి పాఠం ఎదుటివాణ్ణి పడగొట్టడం కాదు, దెబ్బ తగలకుండా తాను పడడం. దైవప్రవక్త (స) రుకానాతో కుస్తీ పట్టిన ఉదంతాన్ని విన్న సమాజానికి ఈ విద్య పరాయిది ఎలా అవుతుంది? పరదా సంగతి అంటారా, 2012 లండన్ ఒలింపిక్స్‌లో సౌదీ బాలిక వుజ్దాన్ షహర్ఖానీ తల కప్పుకునే జూడో బరిలోకి దిగింది. ఒకటిన్నర నిమిషం గడవకముందే ఓడింది, నిజమే. అయినా దిగింది. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌కు బాక్సింగ్‌లో మొదటి పాఠాలు చెప్పింది తండ్రి జమీల్ అహ్మద్ గారు, ఆయన కూడా ఒకప్పటి ఆటగాడే. ఆ అమ్మాయి 2022లోను, 2023లోను ప్రపంచ ఛాంపియన్ అయింది.

బొంగులూరు గేటు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి చేరవచ్చు. కారున్నవారికి అది దారి. ఇబ్రహీంపట్నం వైపు కూలి చేసుకునే తండ్రి కూతురికి మాత్రం సాయంత్రం బడి వదిలాక ఆ ఊళ్లోనే నేర్పే మనిషి కావాలి, అందునా స్త్రీ అయితే తల్లులు నిశ్చింతగా పంపుతారు. ఒకప్పుడు రాష్ట్రానికి, యూనివర్సిటీకి ఆడి, పెళ్లయ్యాక ఆట మానేసిన మన ఆడపడుచులు లేకపోలేదు. వారానికి రెండు సాయంత్రాలు వారు ఇవ్వగలరా? వారి భర్తలు, అత్తమామలు పంపగలరా? పరుపుచాపల ఖర్చు, స్కూలు హాలు అడగడం మస్జిద్ కమిటీలు చూసుకోవచ్చు. ఈ జుమా తరువాత కమిటీ పెద్దలు పది నిమిషాలు కూర్చొని ఈ ముచ్చట తేల్చాలని కోరుతున్నాం.