ఆపత్కాలానికి అదనపు సామర్థ్యం ఎంత?

ఉగాది భోజనాలకు మూడు వందలమంది వస్తామని చెప్పినంత మాత్రాన అనుభవజ్ఞుడైన వంటవాడు సరిగ్గా మూడు వందలమందికే ఎసట్లో బియ్యం పోయడు. చెప్పినవారిలో కొందరు రారు. చెప్పనివారు కొందరు చుట్టాలను కూడా వెంటబెట్టుకొని వస్తారు. గత సంవత్సరాల అనుభవాన్నిబట్టి అతడొక అంచనా వేసుకొని, ఆపైన మరికొంత చేర్చుకొంటాడు. క్లౌడ్ కంప్యూటింగ్ అనే వ్యవస్థలో నిత్యం జరిగేదీ ఇటువంటి లెక్కే. నేడు అనేక సంస్థలు సొంత కంప్యూటర్లు కొనడం తగ్గించి, అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ వంటి కంపెనీల డేటా సెంటర్లలో కంప్యూటరు సామర్థ్యాన్ని అద్దెకు తీసుకొంటున్నాయి. ఒక కేంద్రం హఠాత్తుగా ఆగిపోతే, ఆ పనిని అందుకోవడానికి మరొకచోట ఎంత సామర్థ్యం సిద్ధంగా ఉండాలి? ఈ ప్రశ్నను క్రమంగా మెషిన్ లెర్నింగ్‌కు, అనగా పాత లెక్కలను చూసి సూత్రాలను తానే గ్రహించే కంప్యూటరు విద్యకు, అప్పగిస్తున్నారు. కొంతవరకు అది సమంజసమే. పూర్తిగా అప్పగించడం మాత్రం ప్రమాదకరం.

యంత్రం బాగా చేయగల పనిని ముందు ఒప్పుకోవాలి. మామూలు రోజుల గిరాకీకి ఒక లయ ఉంటుంది: ఉదయం ఆఫీసులు తెరిచేవేళ ఒక ఉద్ధృతి, రాత్రి సినిమాలు చూసేవేళ మరొకటి, పండుగల ముందు ఇంకొకటి. 2020లో గూగుల్ శాస్త్రజ్ఞులు ప్రచురించిన వ్యాసం ప్రకారం, కంప్యూటరు పనులకు కావలసిన వనరులను ఇంజనీర్లు స్వయంగా నిర్ణయించినప్పుడు కేటాయించినదానిలో 46 శాతం వాడకం లేకుండా మిగిలిపోయింది. గత వినియోగాన్ని గమనిస్తూ ‘ఆటోపైలట్’ అనే వారి వ్యవస్థ నిర్ణయించినప్పుడు మిగిలినది 23 శాతమే. పైగా, మెమొరీ చాలక తీవ్రంగా దెబ్బతిన్న పనుల సంఖ్య పదోవంతుకు తగ్గింది. మనిషి భయంకొద్దీ ఎక్కువ అడుగుతాడు. అయినా అడగవలసినచోట తక్కువ అడుగుతాడు. ఈ విషయంలో యంత్రమే మెరుగు.

కాని ఆపత్కాలపు లెక్క వేరు. రెండు కేంద్రాలలో ఒకటి పోయినా పని ఆగకూడదంటే, రెండోది మొత్తం భారాన్ని ఒంటరిగా మోయగలగాలి. అంటే అవసరానికి రెట్టింపు సామర్థ్యం ఉంచుకోవాలి. మూడు కేంద్రాలైతే ఒకటిన్నర రెట్లు చాలు. ఈ అదనమంతా ఏడాది పొడుగునా ఖాళీగా కనబడుతుంది. వృథాను తగ్గించమని ఆదేశం పొందిన యంత్రానికి మొదట కంటబడేది అదే. లోటువల్ల కలిగే నష్టం ఖాళీవల్ల కలిగే నష్టానికి తొమ్మిది రెట్లని చెబితే, అది పదింట తొమ్మిది సందర్భాలకు చాలినంత ఉంచుతుంది. తొంభైతొమ్మిది రెట్లని చెబితే, నూటికి తొంభైతొమ్మిదింటికి. ఆ తొమ్మిదినో, తొంభైతొమ్మిదినో యంత్రానికి చెప్పేది మనిషే. రోగి వివరాలు వైద్యుడికి అందని గంట విలువ ఎంతో పాత లెక్కల పట్టికలో దొరకదు.

రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మొదటి సంవత్సరం విద్యార్థికే నేర్పే జాగ్రత్త ఒకటుంది. ఒకటి నుండి పది పాళ్ళ గాఢత గల ద్రావణాలతో గీసిన క్రమాంకన రేఖను పొడిగించి, యాభై పాళ్ళ ద్రావణాన్ని కొలవరాదు. పదివరకు తిన్నగా సాగిన రేఖ ఆపైన వంగిపోవచ్చు. మామూలు రోజులను చూసి నేర్చుకొన్న యంత్రం విపత్తు రోజును గురించి చెప్పే జోస్యం కూడ అటువంటిదే.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా జనం ఇళ్ళకు పరిమితమైనప్పుడు క్లౌడ్‌కు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. సామర్థ్యం చాలకపోతే అత్యవసర సేవలకు, వైద్యరంగానికి ముందు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించవలసివచ్చింది. అదే సంవత్సరం నవంబరు 25న ఉత్తర వర్జీనియాలో అమెజాన్‌కు జరిగినది మరింత విచిత్రం. కినెసిస్ అనే సేవకు కొద్దిపాటి సామర్థ్యం అదనంగా చేర్చారు. అందులోని ప్రతి సర్వరూ మిగిలిన సర్వర్లన్నిటితోను సంబంధం పెట్టుకోవాలి. సర్వర్లు పెరిగేసరికి ఆ సంబంధాలకు కావలసిన థ్రెడ్‌ల సంఖ్య ఆపరేటింగ్ సిస్టమ్ పరిమితిని దాటి, సేవ కుప్పకూలింది. కొరతకు మందనుకొన్న అదనమే ఇక్కడ జబ్బుకు కారణమైంది!

2025 అక్టోబరు 20న అదే ప్రాంతంలో డైనమోడీబీ అనే డేటాబేసు చిరునామాలను సరిచూసే యాంత్రిక వ్యవస్థలో దోషం తలెత్తి, అనేక సేవలు నిలిచిపోయాయి. మూలకారణాన్ని సరిచేసిన తరువాత కూడ చాలా గంటలపాటు కొత్త సర్వర్లను అద్దెకు తీసుకోవడం దుర్లభమైంది. “అవసరమైనప్పుడు తీసుకొందాం” అనుకొన్నవారికి అవసరమైనప్పుడే అవి దొరకలేదు. ఒక్కొక్క సంస్థ లెక్క విడివిడిగా సరైనదే కావచ్చు. వర్షం రాగానే వీధిలో అందరూ ఒకే అరుగుమీదికి పరుగెత్తితే ఏమవుతుందో మాత్రం ఏ ఒక్కరి లెక్కలోనూ ఉండదు.

కాబట్టి దైనందిన హెచ్చుతగ్గులను యంత్రానికి వదలి, ఆపత్కాలపు కనీస సామర్థ్యాన్ని దాని చేతికి అందకుండా వేరుగా ఉంచాలి. ఆసుపత్రికి ఒక పరిమాణం, సినిమా పాటల సేవకు మరొకటి. సినిమా పాటలు ఒక పూట వినబడకపోతే కొంపలు మునగవు. ఆ పరిమాణం చాలునో లేదో తెలుసుకోవాలంటే ఒక కేంద్రాన్ని బుద్ధిపూర్వకంగా ఆపి చూడాలి. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2015 నాటికే ఒక ప్రాంతపు పనినంతా మరొక ప్రాంతానికి మళ్ళించే కసరత్తు చేస్తుండేది. యాభై పాళ్ళ ప్రామాణిక ద్రావణాన్ని తయారుచేసుకోవడమంటే ఇదే. ఆ కసరత్తులో దొరికిన అంకెలనుండి యంత్రమూ నేర్చుకోగలదు.

2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదులో తన క్లౌడ్ ప్రాంతాన్ని ప్రారంభించింది. ముంబయి తరువాత భారతదేశంలో అది వారికి రెండవది. ఒక భారతీయ ఆసుపత్రి దేశం దాటకుండానే రెండు ప్రాంతాలలో తన పనిని నడుపుకోవడానికి వీలు కలిగింది. ఖర్చు పెరుగుతుందనడంలో సందేహం లేదు. ఆ ఖర్చును తగ్గించుకోదలచినవారు తగ్గించుకోవచ్చు. కాని ఏ సేవ ఎన్ని గంటలు ఆగినా తమకు సమ్మతమో ముందుగా కాగితంమీద వ్రాసి సంతకం చేయాలి. ఇప్పుడు ఆ సంతకం చాలాచోట్ల కనబడదు. అర్ధరాత్రి ఫోను మ్రోగేది మాత్రం ఇంజనీరు పక్కమీద. ఆ ఫోను ఎలా మ్రోగుతుందో ప్రవాసాంధ్రుల ఇళ్ళలో చాలామందికి తెలుసు.