ఈ వయసులో పళ్లా?

చలి మొదలైతే రేపల్లె, పెనుమూడి వైపు తంపటి పెట్టిన తేగలు కట్టలు కట్టలుగా అమ్మకానికొస్తాయి. తేగను నిలువునా చీల్చి, పీచు తీసి మనవడి చేతిలో పెట్టి, తాను మాత్రం ‘‘నాకెందుకురా, పళ్లేవీ?’’ అని నవ్వేసే తాతలు ఈ వైపు ఊళ్లలో చాలామందే. అమెరికాలో ఉన్న కొడుకు ‘‘ఇంప్లాంట్లు వేయించుకో నాన్నా, డబ్బు పంపుతా’’నంటాడు. ‘‘ఇంకెన్నాళ్లు నమలాలి గనక? ఆ డబ్బేదో నీ కూతురి చదువుకి దాచు’’ అని ఇటునుంచి జవాబు.

ఇదంతా పిసినారితనమే అనుకోవడానికి లేదు. పళ్లన్నీ ఊడినవాళ్లకి ఉచితంగా ఇంప్లాంట్లు వేస్తామన్నా మూడో వంతుకు పైగా వద్దన్నారని 2005లో వెలువడిన ఓ కెనడా అధ్యయనం చెప్పింది. దవడ ఎముకను తొలుస్తారంటే ఎవరికి గుండె జారదు? నిజానికి చాలావరకు తిమ్మిరి ఇంజక్షన్‌తోనే జరిగిపోయే పని. పంటి వేరు బదులు బిగించే టైటానియం స్క్రూ కొన్ని నెలల్లో ఎముకతో కలిసిపోతుంది. స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ 1965లో ఇలా పళ్లు వేసిన మొదటి మనిషి 2006లో పోయేదాకా, నలభై ఏళ్లకు పైగా, వాటితోనే తిన్నాడు. వయసొక్కటే అడ్డు కాదు. అదుపులో లేని షుగరు, మానని చుట్ట అంతకంటే పెద్ద అడ్డు.

అసలు చిక్కు కింది కట్టుడు పళ్ల సెట్టుతో. పళ్లు పోయిన చోట చిగురు కింది ఎముక అరుగుతూ పోతుంది. సెట్టు పట్టు తప్పి, ముద్ద ముద్దకీ కదులుతుంది. చివరికి గ్లాసులో నీళ్లలో ఉండి, పెళ్లిళ్లకి మాత్రం బయటికొస్తుంది. ఆ సెట్టు కదలకుండా రెండే రెండు ఇంప్లాంట్లు ఆసరా ఇస్తే చాలని, పళ్లు లేని కింది దవడకి మొదట చూడాల్సిన దారి అదేనని 2002లో మాంట్రియల్‌లో కూడిన నిపుణులు తేల్చారు. నోటి నిండా స్క్రూలు, లక్షల ఖర్చు అని బెదిరిపోయిన పెద్దాయనకి ఈ సంగతి చెప్పేవాళ్లేరీ? విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనో, గుంటూరు పక్కన తక్కెళ్లపాడు సిబార్ కాలేజీలోనో ఓసారి చూపించి అడగొచ్చు.

అన్నీ విన్నాక కూడా వద్దంటే, అది ఆయన నోరు. ప్రతి ఫోనులోనూ అదే పాట పాడితే కొడుకు మీద విసుగే మిగులుతుంది. వదులైన సెట్టునైనా చిగురుకి సరిపడేలా సరిచేయించవచ్చు. దానికి తెనాలి దాటి పోనక్కర్లేదు.