సంపాదకుని మాట: మార్చి 3 నాటి దీపములు

శ్రీకాకుళము నుండి వచ్చి టాటానగరు స్టేషనులో దిగి, చేరువనే యున్న జుగ్సలాయిలో పెదనాన్నగారి యింట బసచేసిన పదియేండ్ల వయస్సున, మార్చి నెలలో దీపావళి యెట్లు వచ్చెనని నేను వారినడిగితిని. జూబిలీ పార్కు నిండ దీపతోరణములు, జలధారలపై రంగురంగుల కాంతులు, బిడ్డలను భుజముల నెత్తుకొని కదలు జనప్రవాహము. ఇది యే దేవుని యుత్సవమో తెలియక ప్రతి మలుపునందును గుడి కొరకు వెదకితిని.

"దేవుని పండుగ గాదురా, జంషెడ్జీ టాటాగారి జయంతి" యని పెదనాన్నగారు చెప్పిరి. 1839లో నవసారిలో జన్మించిన యా మహాశయుడు 1904లోనే కన్నుమూయుటచే, 1907లో స్థాపితమైన టాటా యుక్కు సంస్థను గాని, 1912లో పోతపోసిన తొలి యుక్కును గాని, 1919లో తన పేరు దాల్చిన యీ జంషెడ్పూరు నగరమును గాని చూడనేలేదు.

ఒకరి పండుగదినము మరియొకరి దగుట యెట్లన్న ప్రశ్నకు వేరొక తేదీ కథ గుర్తుకు వచ్చును. 1946లో అమెరికా తన స్వాతంత్ర్యదినమైన జూలై 4ననే ఫిలిప్పీన్సునకు స్వాతంత్ర్య మొసగగా, 1962లో ఆ దేశము తన యుత్సవమును, 1898 నాటి స్వాతంత్ర్య ప్రకటనను స్మరించుచు, జూన్ 12కు మార్చుకొనెను. అమెరికాలో జూలై 4 నాటి బాణసంచాను తొలిసారి చూచు ఫిలిప్పినో యతిథికి ఆ తేదీ పరాయిదియు గాదు, తనదియు గాదు. మార్చి 3 యెడల నాకును చిరకాల మట్టి భావమే యుండెను. కొలిమి వేడిమికి కమిలిన పెదనాన్నగారి చేతులను చూచిన పిదపనే యా దీపములలో మాకును పాలు గలదని నమ్మితిని.

పాఠకులారా, మీ తొలి మార్చి 3 జ్ఞాపకములను వ్రాసి పంపుడు. రాబోవు సంచికలో ప్రకటింతుము.