కొత్త కంప్యూటరులో పాత వ్యవస్థ ఎక్కించవచ్చా?

మా ఉన్నత పాఠశాల ఆవరణలో ఒక వర్షమాపకం ఉంది. 1999 జూన్ నుంచి ఏ రోజు ఎన్ని మిల్లీమీటర్ల వాన కురిసిందో పిల్లలే కొలిచి రాస్తున్నారు. మొదట్లో ఆ లెక్కలు రిజిస్టరులో ఉండేవి. తర్వాత పూర్వ విద్యార్థి ఒకతను డాస్ మీద నడిచే చిన్న ప్రోగ్రాము తయారుచేసి ఇచ్చాడు. లెక్కలన్నీ అందులోకి ఎక్కించి, రిజిస్టర్లను బీరువాలో పెట్టాం. వాటిని చెదలు తినేశాయి. అంటే, ఇన్నేళ్ల మా ఊరి వానల చరిత్రకు కంప్యూటరులోని ఆ ఒక్క ఫైలే ఆధారంగా మిగిలింది.

నిరుడు వేసవిలో ఆ పాత కంప్యూటరు మదర్ బోర్డు కాలిపోయింది. అదృష్టవశాత్తూ హార్డ్ డిస్కు బాగానే ఉంది. దాతలు ఇచ్చిన డబ్బుతో విడిభాగాలు కొని, పదో తరగతి పిల్లలే నా ఎదుట కొత్త కంప్యూటరు బిగించారు. అందులో కొత్త విండోస్ ఎక్కించి వానలెక్కల ప్రోగ్రాము తెరవబోతే అది తెరుచుకోలేదు. "అయితే పాత విండోస్ ఎక్స్‌పీ ఎక్కిద్దాం సార్" అన్నారు పిల్లలు. రెండు రోజులు కుస్తీ పట్టారు. మొదట ఎక్స్‌పీ ఉన్న పెన్ డ్రైవును కొత్త యంత్రం గుర్తించనే లేదు. సెట్టింగులు మార్చి పాత పద్ధతిని అనుమతిస్తే, కొంతదూరం వెళ్లి నీలి తెర వేసి ఆగిపోయింది.

"ఇదంతా మనచేత కొత్తవి కొనిపించే ఎత్తు" అన్నారు మా సహోపాధ్యాయులొకరు. "ఎప్పటివో లెక్కలు! పారేయక ఏం చేస్తారు?" అన్నారు మరొకరు. ఈ రెండు మాటలూ నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మీతో చెప్పాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అసలు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి? కంప్యూటరులోని యంత్రభాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పనులు జరిపించే వ్యవస్థ. ఒక్కొక్క భాగంతో ఎలా మాట్లాడాలో దానికి చెప్పే చిన్న ప్రోగ్రాములను డ్రైవర్లు అంటారు. పాతికేళ్ల కిందట ఊరి వీధులన్నీ తెలిసిన పోస్ట్‌మాన్‌ను ఈ రోజు తెచ్చి నిలబెట్టామనుకోండి. పాత వీధుల్లో కళ్లు మూసుకుని తిరుగుతాడు. కానీ తర్వాత వెలసిన కాలనీల సంగతి అతనికేం తెలుస్తుంది? 2001లో విడుదలైన ఎక్స్‌పీ పరిస్థితి కూడా ఇదే. ఇప్పటి కంప్యూటర్లలో కనిపించే ఎన్‌వీఎంఈ రకం డిస్కుల పద్ధతి 2011లో రూపుదిద్దుకుంది. పదేళ్ల తర్వాత పుట్టిన డిస్కును ఎక్స్‌పీ ఎలా గుర్తుపడుతుంది? ఉన్న డిస్కే దానికి కనబడదు.

2009లో వచ్చిన విండోస్ 7కు మరో రకం చిక్కు. దాని డీవీడీలో యూఎస్‌బీ 3 డ్రైవరు లేదు. అందుచేత చాలా కొత్త యంత్రాలలో మొదటి తెర చక్కగా వస్తుంది గాని, మౌసు కదలదు, కీబోర్డు పలకదు. "ముందుకు" అన్న బొత్తాం ఎదురుగానే ఉంటుంది. నొక్కే దారి ఉండదు!

ఇంకొక చిక్కు చిరునామాలది. 32 బిట్ల వ్యవస్థ ఒక చిరునామాను 32 ద్విసంఖ్యాంకాలతో రాస్తుంది. అలా రాయగల చిరునామాలు రెండుకు 32వ ఘాతం, అంటే 4,29,49,67,296. ఒక్కో బైటుకు ఒక్కో చిరునామా చొప్పున ఇది 4 జీబీ. మీరు 16 జీబీ మెమరీ పెట్టినా, మామూలు 32 బిట్ల ఎక్స్‌పీ 4 జీబీని మించి వాడుకోలేదు.

అన్నిటికన్నా చిత్రమైనది విండోస్ 95 కథ. యంత్రం వేగం తెలుసుకోవడానికి అందులోని ఒక భాగం ప్రాసెసరు చేత ఒక చిన్న పనిని అనేకసార్లు చేయించి, పట్టిన కాలంతో భాగించేది. తర్వాత 350 మెగాహెర్ట్జ్ ఏఎండీ కె6-2 వంటి వేగమైన ప్రాసెసర్లు వచ్చాయి. అవి ఆ పనిని ఎంత చప్పున ముగించాయంటే, పట్టిన కాలం సున్న అని తేలింది! సున్నతో భాగించకూడదని మీకు లెక్కల మాస్టారు చెప్పారు కదా? కంప్యూటరుకూ అది చేతకాదు. విండోస్ 95 మొదట్లోనే చతికిలపడేది. యంత్రం చెడిపోయి కాదు, మరీ వేగంగా ఉండి!

కాబట్టి కొత్తది పాతదాన్ని నిరాకరించడం ప్రతిసారీ మోసం కాదు. అలాగని మా సహోపాధ్యాయుడి అనుమానంలో నిజమే లేదనను. 2017లో కొత్త ప్రాసెసర్లు ఉన్న కంప్యూటర్లలో విండోస్ 7 నడుస్తున్నా, దానికి అప్‌డేట్లు ఇవ్వడం మైక్రోసాఫ్ట్ ఆపేసింది. అది యంత్రం అశక్తత కాదు, కంపెనీ నిర్ణయం. ఏది ప్రకృతి నియమమో, ఏది మనుషుల నిర్ణయమో వేరుచేసి చూడటం విజ్ఞానశాస్త్రం నేర్పే మొదటి పాఠం.

సరే, ఎలాగోలా ఎక్కించామే అనుకుందాం. ఆ కంప్యూటరును ఇంటర్నెట్టుకు కలపవచ్చా? కలపకూడదనే నా అభిప్రాయం. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అంటే, ఆ తర్వాత బయటపడిన లోపాలకు మామూలుగా మరమ్మతు ఉండదు. 2017 మే 12న వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచాన్ని చుట్టేసింది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బివ్వమంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, మరమ్మతు విడుదలైంది. వేసుకోనివారు దెబ్బతిన్నారు. మరమ్మతు రానే రాని వ్యవస్థను వీధిలో నిలబెట్టడం తెలివైన పని కాదు.

మరి మా వానలెక్కల సంగతి? మూడో రోజున తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "సార్, మనకు కావలసింది ఎక్స్‌పీయా, వానలెక్కలా?" ఆ ప్రశ్న నాకు రానందుకు సిగ్గుపడ్డాను. మాకు కావలసింది డాస్ ప్రోగ్రాము నడవడం. 64 బిట్ల కొత్త విండోస్‌లో ఆ ఏర్పాటు లేదు. అయితే పాత కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాములు ఉన్నాయి. డాస్‌బాక్స్ అలాంటిదే, ఉచితం. అది కొత్త యంత్రంలోనే ఒక ఊహాయంత్రాన్ని సృష్టిస్తుంది. లోపలి డాస్ ప్రోగ్రాము తాను పాత కంప్యూటరులోనే ఉన్నాననుకుంటుంది. పాత డిస్కును ఒక కేబులుతో తగిలించి, ఫైళ్లు తెచ్చి, అందులో తెరిచాం. 1999 జూన్ పేజీ తెరమీద ప్రత్యక్షమైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ మధ్యాహ్నమే లెక్కలన్నీ సాదా అక్షరాల ఫైలుగా మార్చి మూడు చోట్ల దాచాం.

ఇలాంటి పరీక్ష పెద్దవాళ్లకూ ఎదురైంది. ఇంగ్లండులో 1086లో రాసిన డూమ్స్‌డే బుక్ అనే భూముల లెక్కల గ్రంథానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా, 1986లో బీబీసీ ఆ దేశపు నాటి జీవితాన్ని లేజర్ డిస్కులలో పొందుపరిచింది. అందులో వేలాది బడుల పిల్లలు రాసిన వివరాలున్నాయి. పదహారేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలే అరుదైపోయాయి. 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము చేసి, డిస్కులోని సమాచారాన్ని మళ్లీ చూపించారు. తోలుపత్రాల మీద రాసిన 1086 నాటి గ్రంథాన్ని మాత్రం చదవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు!

మన తెలుగుకూ ఈ ముప్పు ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు వేరువేరు ఫాంట్ల సొంత పద్ధతులలో టైపు చేశారు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. మీ ఊరి గ్రంథాలయం సంచికో, మీ తాతగారి కథలో అలాంటి ఫైళ్లలో చిక్కుకుని ఉండవచ్చు.

కనుక, విద్యార్థి మిత్రులారా, నా సలహా ఇది. రోజూ వాడే కొత్త కంప్యూటరులో పాత వ్యవస్థ ఎక్కించకండి. నేర్చుకోవాలన్న కుతూహలం ఉంటే తప్పక ప్రయత్నించండి, కాని ఊహాయంత్రంలో, ఇంటర్నెట్టు తెంచి. ఎక్కడో దొరికిన దొంగ ప్రతులు వాడకండి. వాటిలో ఏం కలిపారో మీకు తెలియదు. డాస్ కావాలంటే ఫ్రీడాస్ ఉచితంగానే దొరుకుతుంది. అన్నిటికీ ముందు మీ బడిలో, మీ ఇంట్లో పాత ఫైళ్లు ఏవున్నాయో వెతకండి. తెరవగలిగిన రోజునే వాటిని సాదా రూపంలోకి, తెలుగైతే యూనికోడ్‌లోకి మార్చి దాచండి.

మా వర్షమాపకం ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. పిల్లలు కొలతను కొత్త కంప్యూటరులో ఎక్కిస్తున్నారు. దాంతోపాటు రిజిస్టరులోనూ రాస్తున్నారు. ఈసారి ఆ రిజిస్టరును చెదలు పట్టని ఇనుప పెట్టెలో పెట్టాం.