సంపాదకుని మాట: ఆరుబయటి మ్యూజియం
కోలారు జిల్లాలో పిల్లలకు చూపించదగ్గ చరిత్ర చాలావరకు ఆరుబయటే ఉంది, టికెట్టు లేకుండా. కోలారు ఊళ్లోనే కోలారమ్మ గుడిలో చోళుల నాటి శాసనాలున్నాయి. కాస్త నడిస్తే విజయనగర కాలపు సోమేశ్వరాలయం. అక్కడి కల్యాణమంటపం దగ్గర పిల్లల్ని తొందరపెట్టకూడదు. ఒక్కో స్తంభం మీద ఎన్ని బొమ్మలున్నాయో వాళ్లనే లెక్కపెట్టుకోనివ్వాలి.

బంగారుపేట నుంచి మారికుప్పం దాకా ప్యాసింజరు రైలుంది కాబట్టి కె.జి.ఎఫ్. (కోలారు బంగారు గనులు) చేరడం ఖర్చుతో కూడిన పని కాదు. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు అందుకున్న గనులివి. చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్ల పైమాటే. 2001లో ఈ గనులు మూతపడ్డాయి. గని వ్యర్థాలు పేరుకున్న సైనైడు దిబ్బల్ని మాత్రం రోడ్డు మీంచే చూపించాలి, వాటిమీద పిల్లల్ని ఆడనివ్వకూడదు. దగ్గర్లోని పెద్దపల్లిలో ఉన్న ప్రాచీన అగ్నిపర్వత శిలలు జాతీయ భూవిజ్ఞాన స్మారకం. పులిహోర, మంచినీళ్లు ఇంటినుంచే పట్టుకెళితే మిగిలేది దారి ఖర్చే.