మామిడితోఁటకుఁ జంద్రుని ఋణము

సముద్రమునకు దూరముగా మామిడితోఁటల నడుమ నున్న రెడ్డిగూడెమునకుఁ జంద్రునితో వెన్నెల సంబంధమే కాని వేఱొండు లేదనుకొనుట తగదు. హంసలదీవి కడఁ గృష్ణాసాగరసంగమమున నమావాస్యకును బున్నమకును బోటు హెచ్చుటయు, అష్టమీప్రాంతమునఁ దగ్గుటయు బెస్తవా రెఱిఁగినదే. అంతియ కాక, భూమియక్షము సుమారు 23.5 డిగ్రీల వంపున నంతగాఁ జలింపక నిలుచుటకును, తన్మూలమున ఋతువులు క్రమము తప్పక తోఁటలు సకాలమునఁ బూఁతకు వచ్చుటకును, సగటున 3,84,400 కిలోమీటర్ల దూరమున నుండు నా చంద్రుని యాకర్షణయే ముఖ్యకారణ మని శాస్త్రజ్ఞుల మతము. తిథిఁ జూచి విత్తినఁ బంట హెచ్చునను నమ్మకమునకు మాత్ర మట్టి నిదర్శనము నాకుఁ గానరాదు; పంచాంగకర్తలు కోపింపకుందురు గాక! 1977 నవంబరు 19 నాఁటి దివిసీమ యుప్పెన, చంద్రుఁ డర్ధబింబముగా నుండి పోటు సహజముగాఁ దగ్గియుండు దినములలో వచ్చియు వేలకొలఁది ప్రాణములఁ గొనియె. అదియే పున్నమపోటుతోఁ గలిసిన నెట్లుండెడిదో యూహించి, ఉప్పెన హెచ్చరికలలోఁ బోటు వేళను గూడఁ దీరగ్రామములవారికి సుబోధమగునట్లు ప్రకటింపవలెను.