గంగాళమా, చెంబా?

‘ఫుల్ ఫ్రేమ్’ అని పేరు పెట్టినవాడెవరో గాని గడుసువాడు సుమండీ! ఆ పేరు వినగానే పక్కనున్న కెమెరా తనంతట తానే వెలితిదై కూర్చున్నది. ఇక ఏ తండ్రి మాత్రం కొడుక్కి వెలితి కెమెరా కొనిపెడతానంటాడు?

మా ముక్త్యాలలో ఒక రైతుకు ఈ చిక్కే వచ్చింది. కుర్రవాడు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసి బతుకుతానంటున్నాడు. కొంటే ఫుల్ ఫ్రేమే కొనాలట. చేతిలో ఉన్నది పత్తి అమ్మిన డబ్బు. అది చాలదు, వడ్డీకి తేవాలి. “చిన్నది కొంటే బొమ్మ చిన్నదవుతుందా మాస్టారూ?” అని అడిగారాయన.

బొమ్మ చిన్నది కాదు. సెన్సర్ అంటే, సినిమాలు కత్తిరించే సెన్సారు కాదు లెండి, వెనకటి కెమెరాలో ఫిలిం ఉండే చోట వెలుతురు పట్టే పలక. ఫుల్ ఫ్రేమ్ పలక 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. ఏపీఎస్-సీ అనే చిన్న పలక ఇంచుమించు 23.5 పొడవు, 15.6 వెడల్పు. వైశాల్యం కట్టి చూస్తే పెద్దది చిన్నదానికి రెండుంబావు రెట్ల పైమాటే.

వాన కురుస్తుండగా వాకిట్లో ఒక గంగాళమూ ఒక చెంబూ పెట్టారనుకోండి. జడివానలో చెంబుకూ లోటుండదు. తుంపరలోనే తేడా తెలిసేది. పట్టపగలు కృష్ణ ఒడ్డున ముక్తేశ్వరుడి గుడి ఫొటో తీస్తే, ఏది ఏ కెమెరాదో తీసినవాడే చెప్పలేడు. అర్ధరాత్రి ముహూర్తం, గుడ్డి దీపం, ఫ్లాష్ వద్దన్న పెళ్ళివారూ అయితే మాత్రం చిన్నదాని బొమ్మలో ఇసుక చల్లినట్లు నలుసులు కనిపిస్తాయి. లెన్సు ఒక మెట్టు ఎక్కువ తెరుచుకునేదైతే ఆ లోటు చాలావరకు పూడుతుంది. అందుకే నేను పలకకంటె లెన్సుకు ముందు డబ్బు పెట్టమంటాను.

ఇంతకీ ఈ ‘పూర్ణం’ పుట్టుక వింటే నవ్వొస్తుంది. జర్మనీలో లైట్జ్ కంపెనీవాడు ఆస్కార్ బర్నాక్, నిలువుగా నడిచే సినిమా ఫిలింను అడ్డంగా నడిపించి, రెండు సినిమా బొమ్మల చోటును ఒక్క ఫొటోకు ఇచ్చాడు. అదే 36, 24 కొలత. 1925లో లైకా కెమెరాగా బజారుకు వచ్చింది. పెద్ద పెద్ద గాజు పలకలకు అలవాటు పడ్డవాళ్ళు దాన్ని ‘మినియేచర్’ అన్నారు, అంటే బుల్లి కెమెరా! ఆనాటి బుల్లిదే ఈనాటి ఫుల్లు. మరి ఆ సినిమా బొమ్మ ఎంత? ఇంచుమించు 24, 18 మిల్లీమీటర్లు. మన ఏపీఎస్-సీకి తోబుట్టువన్నమాట. 1957లో ‘మాయాబజార్’ను మార్కస్ బార్ట్‌లీ తీసింది 35 మిల్లీమీటర్ల ఫిలిం మీదనే. ఆ పడవ పాటలో వెన్నెల చూసి, ఫ్రేము చిన్నదని పెదవి విరిచిన వారెవరూ నాకింతవరకు తారసపడలేదు.

అచ్చు సంగతి చూద్దాం. 6000కు 4000 చుక్కలు, అంటే 2 కోట్ల 40 లక్షలు, చిన్న పలక మీదా దొరుకుతాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున 20 అంగుళాల పొడవు బొమ్మ వస్తుంది. 18 అంగుళాల ఆల్బం పుటకు అది చాలదూ?

పెద్దదానికి గొప్ప లేదనను. ఇరుకు వసారాలో గోడకు వీపు ఆనించి నిలబడ్డప్పుడు, అదే లెన్సుతో అది ఎక్కువ మందిని పట్టిస్తుంది. పెళ్ళికూతురి వెనక జనాన్ని మెత్తగా చెరిపేయడమూ దానికి సులువు. కాని దాని లెన్సులు బరువు, ధరా బరువే. పైగా పెళ్ళికి ఒక్క కెమెరాతో వెళ్ళకూడదు. సరిగ్గా ఆ క్షణంలో అది మొరాయిస్తే, జీలకర్రా బెల్లం మళ్ళీ పెట్టమనలేం గదా! కనుక చిన్న కెమెరా ఒకటి, బాగా తెరుచుకునే లెన్సు ఒకటి, తోడుకు చేయి మారిన కెమెరా ఇంకొకటి: అప్పు లేకుండా ఆ కుర్రవాడికి నేను చెప్పిన జాబితా ఇది.

ఒక్క జాగ్రత్త. చిన్న పలకకని చేసిన లెన్సు పెద్దదానికి తగిలించినా నడిమి భాగమే నింపుతుంది. రేపు పెద్దదానికి మారడం ఖాయమనుకుంటే, ఒక లెన్సు మాత్రం దానికీ పనికివచ్చేది చూసుకోవాలి. ఈలోగా ఒక రాత్రి పెళ్ళికి పెద్దదాన్ని అద్దెకు తెచ్చి, రెండింటితోనూ ఒకే దీపం కింద తీసి, అచ్చు వేయించి, ఏది దేనిదో ఇంట్లో నాయనమ్మగారి చేత చెప్పించమన్నాను.